కొచ్చి హార్బరును ఊరివాళ్ల పడవల్లో చుట్టి రావడం ఎలా: తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లేవాళ్లకు

మన వైపు నుంచి కొచ్చి వెళ్లేవాళ్లలో సగానికి పైగా కొచ్చి కోసం బయల్దేరరు. శబరిమల దర్శనం అయ్యాక టెంపో ట్రావెలర్ కొచ్చిలో నీళ్ల ఒడ్డునున్న మెరైన్ డ్రైవ్ దగ్గర ఓ గంట ఆగుతుంది. దిగీ దిగకముందే "బోటింగ్, బోటింగ్" అంటూ ఒకతను వెంటపడతాడు. తలకింత అని బేరం తెగ్గొట్టుకుని, స్పీకర్లు మోగే పడవలో ఓ చుట్టు తిరిగి, ఫోటోలు దిగి, మళ్లీ బండెక్కేస్తారు. ఇంటికొచ్చాక "కొచ్చిలో ఏం చూశారు?" అని అడిగితే "బోటింగ్ చేశాం" అంటారు. ఏ ఓడను చూశారో, ఏ ద్వీపం పక్కన పోయారో చెప్పలేరు.

నా సలహా వేరు. కొచ్చిలో హార్బరు ఊరి మధ్యలోనే ఉంది. అక్కడి జనం ఆఫీసుకూ, కాలేజీకీ, బజారుకూ దాన్ని పడవల మీదే దాటుతుంటారు. ఆ పడవలే మీరూ ఎక్కండి. ప్యాకేజీ పడవ చూపించేవన్నీ కనిపిస్తాయి, చూపించనివీ కనిపిస్తాయి. ఖర్చు మనిషికి వంద, నూటయాభై దాటదు. కావాల్సింది ఒక పూర్తి పగలు మాత్రమే.

ముందు హార్బరు స్వరూపం తెలుసుకోండి

ఇది తెలియకుండా పడవెక్కితే అన్నీ క్రేన్లే కనిపిస్తాయి. ఎర్నాకుళం ఒడ్డున, అంటే కొచ్చిలో రైల్వే స్టేషన్లున్న వైపున, పడమటి వైపు తిరిగి నిలబడ్డామనుకోండి. ఎదురుగా నీళ్లు, ఆ నీళ్లకు అవతల, సముద్రం అంచున ఫోర్ట్ కొచ్చి. దానికి ఉత్తరాన వైపిన్. ఈ రెంటి మధ్య సన్నటి సందులోంచే ఓడలు అరేబియా సముద్రం నుంచి లోపలికి వస్తాయి. మీకు ఎడమ చేతి వైపు విల్లింగ్‌డన్ ద్వీపం, కుడి చేతి వైపు బోల్గాట్టి, దాని వెనక వల్లార్‌పాడం.

విల్లింగ్‌డన్ ద్వీపం మనుషులు చేసింది. ఒకప్పుడు హార్బరు మొగ దగ్గర, అంటే ఆ సన్నటి సందు దగ్గర, ఇసుక మేట అడ్డంగా ఉండేది, పెద్ద ఓడలు బయటే లంగరు వేసుకునేవి. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు వచ్చి ఆ మేటను తవ్వించి దారి తీశాడు. తవ్వగా వచ్చిన మట్టిని పోసి మెరక చేసిందే ఈ ద్వీపం. 1928లో పద్మ అనే ఓడ ఆ కొత్త దారిలో లోపలికి వచ్చింది. ఇవాళ ఓడలు ఆగే పోర్టు బెర్తులు, కస్టమ్స్, నౌకాదళ స్థావరం అన్నీ ఈ ద్వీపం మీదే ఉన్నాయి. పడవ దాని పక్కన పోతున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే చూపు మారుతుంది.

రైలు, బస

శబరి ఎక్స్‌ప్రెస్ తిరుపతి, చిత్తూరు మీదుగానే పోతుంది. ఎర్నాకుళం టౌన్‌లో దిగాలి, అక్కడి ఆటోవాళ్లకు మాత్రం "నార్త్ స్టేషన్" అంటేనే తెలుస్తుంది. జంక్షన్ స్టేషన్ వేరే, దాన్ని "సౌత్" అంటారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈ రైలు అయ్యప్ప స్వాములతో కిటకిటలాడుతుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజు పొద్దున్నే కూర్చుని బుక్ చేసుకోండి.

రైలు ఏ వేళకు దింపినా పడవల పని మర్నాడు ఉదయానికే పెట్టుకోండి. బస ఎర్నాకుళం వైపు, బోట్ జెట్టీకి నడిచిపోగలిగిన దూరంలో చూసుకుంటే మంచిది. ఫోర్ట్ కొచ్చిలో ఉండటం సరదాగానే ఉంటుంది కానీ గదులు ఖరీదు, పైగా పొద్దున్నే ఇడ్లీ దొరక్కపోతే మనవాళ్ల ముఖాలు చూడలేం. సామాను గదిలోనో, స్టేషన్ క్లోక్‌రూమ్‌లోనో పెట్టేయండి. ఇరుముడి సంచులు, సూట్‌కేసులు మోసుకుని పడవలెక్కి దిగడం జరిగే పని కాదు.

జెట్టీకి దగ్గరలోనే ఎర్నాకుళత్తప్పన్ గుడి ఉంది. శివాలయం. పొద్దున దర్శనం చేసుకుని అట్నుంచి అటే రేవుకు నడిచేయొచ్చు. మగవాళ్లు చొక్కా విప్పాలి, పంచె ఉంటే సులువు.

మొదటి పడవ: సర్కారు బోటు

ఎర్నాకుళం బోట్ జెట్టీ సుభాష్ పార్కు పక్కన ఉంటుంది. ఇక్కడి నుంచి కేరళ జలరవాణా శాఖ బోట్లు ఫోర్ట్ కొచ్చికి, మట్టాంచేరికి, వైపిన్‌కు నడుస్తాయి. చార్జీ సిటీ బస్సు టికెట్టంత కూడా ఉండదు, చిల్లర దగ్గర పెట్టుకోండి. కౌంటర్లో టికెట్టు తీసుకుని, ఏ బోటు ఎక్కడికో అడిగి మరీ ఎక్కండి. పక్కపక్కనే రెండు మూడు ఆగి ఉంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మన జిల్లావాళ్లకు అరవం ఎలాగూ వచ్చు, కొచ్చిలో అది బాగానే చెల్లుతుంది.

మొదటి ప్రయాణానికి ఫోర్ట్ కొచ్చి బోటే ఎక్కండి. ఏడున్నర, ఎనిమిది మధ్య అయితే గాలి తక్కువగా ఉంటుంది, ఎండ వీపు వెనక ఉంటుంది. తొమ్మిదయ్యేసరికి ఆఫీసుల రద్దీ మొదలవుతుంది.

ఎక్కాక ఎడమ పక్కన కూర్చోండి. వచ్చేటప్పుడు కూడా ఎడమ పక్కనే. అలా అయితే పోయేటప్పుడు విల్లింగ్‌డన్ ద్వీపం, వచ్చేటప్పుడు బోల్గాట్టి, వల్లార్‌పాడం కనిపిస్తాయి. రెండు ఒడ్లూ పూర్తవుతాయి.

బోటు బయల్దేరే తీరు చూడండి. చుక్కాని దగ్గర సరంగు ఉంటాడు, ఇంజన్ దగ్గర డ్రైవరు వేరే ఉంటాడు. సరంగు ఒక తాడు లాగితే ఇంజన్ దగ్గర గంట మోగుతుంది. ముందుకు పోవాలన్నా, తగ్గించాలన్నా, వెనక్కి తీయాలన్నా ఆ గంటతోనే చెబుతాడు. ఈలోగా లాస్కరు, అంటే మోకుల పని చూసే మనిషి, గుంజకు చుట్టిన మోకు విప్పి, బోటు కదిలాక చివరి క్షణంలో లోపలికి దూకుతాడు. దిగేటప్పుడు కూడా ముందు అతనే దూకి మోకు బిగిస్తాడు. అది బిగిసే దాకా మీరు లేవొద్దు.

రేవు దాటగానే ఎడమ వైపు దూరంగా, దక్షిణాన, పెద్ద క్రేన్లు కనిపిస్తాయి. అది కొచ్చిన్ షిప్‌యార్డ్. మన దేశంలో కట్టిన మొదటి విమాన వాహక నౌక విక్రాంత్ అక్కడే తయారై, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. తర్వాత విల్లింగ్‌డన్ వార్ఫు, అంటే ఓడలు ఆగే గట్టు, వస్తుంది. సరుకు ఓడ ఏదైనా ఆగి ఉంటే దాని ముక్కు వైపు, నీటి మట్టానికి పైన తెల్లగా రాసిన అంకెలు చూడండి. ఓడ ఎంత లోతు మునిగి ఉందో చెప్పే గుర్తులవి. సరుకు నిండా ఉంటే కింది అంకెలన్నీ నీళ్లలో ఉంటాయి. ఖాళీ చేసేకొద్దీ ఓడ పైకి లేస్తుంది, అంకెలు ఒక్కొక్కటీ బయటపడతాయి, వాటి కింద ఇన్నాళ్లూ నీళ్లలో నానిన రంగు పట్టీ కనిపిస్తుంది. పిల్లలకు ఇది చూపిస్తే చాలు, మిగతా దారంతా ప్రతి ఓడకూ లెక్క చెబుతూ పోతారు.

నౌకాదళం ఓడలు, స్థావరం కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టుకోండి. అవి ఫోటోలు తీయకూడనివి. డ్రోన్ సంగతి అసలు తలపెట్టొద్దు.

ఫోర్ట్ కొచ్చిలో దిగాక

రేవు నుంచి ఒడ్డు వెంట కాసేపు నడిస్తే చీనా వలలు వస్తాయి. పొద్దున్నే వెళ్లమన్నది వీటి కోసం కూడా. పెద్ద దుంగల చట్రానికి నాలుగు మూలలా వల కట్టి నీళ్లలోకి దించుతారు. వెనక వైపు మోకులకు బండరాళ్లు వరసగా వేలాడుతుంటాయి. ఆ రాళ్ల బరువు, నలుగురైదుగురు మనుషుల బలం కలిస్తేనే వల పైకి లేస్తుంది. ఒక్కోసారి ఇంత హడావుడికీ గుప్పెడు చేపలే పడతాయి. వాళ్లు "రండి, తాడు లాగండి" అని ఆప్యాయంగా పిలుస్తారు, లాగాక డబ్బులడుగుతారు. తప్పేం లేదు, ఎంతో ముందే అడిగేయండి.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి నడక దూరంలోనే ఉంది. 1524లో కొచ్చిలో చనిపోయిన వాస్కో డ గామాను మొదట పాతిపెట్టింది అక్కడే, తర్వాత అస్థికలను పోర్చుగల్ తీసుకెళ్లారు. పది నిమిషాలు చాలు.

రెండో పడవ: రో-రో

దీన్ని పర్యాటకులు ఎక్కువమంది వదిలేస్తారు, నాకైతే మొత్తం రోజులో ఇష్టమైనది ఇదే. ఫోర్ట్ కొచ్చికీ వైపిన్‌కూ మధ్య కార్లు, బైకులు, ఆటోలు, మనుషులు అందరినీ కలిపి దాటించే బల్లకట్టు లాంటి ఓడ. 2018 నుంచి నడుస్తోంది. నడిచి ఎక్కేవాళ్లకు నామమాత్రం చార్జీ. ప్రయాణం నిమిషాల్లో అయిపోతుంది, కానీ ఆ నిమిషాలు సరిగ్గా హార్బరు మొగలో గడుస్తాయి. ఒక వైపు సముద్రం, ఒక వైపు ఊరు. సముద్రం నుంచి ఓడ వస్తుంటే రో-రో ఆగి దారిస్తుంది. అప్పుడు ఆ ఓడ ఎంత ఎత్తో తల పైకెత్తి చూడాల్సిందే. చేపల పడవలు తిరిగొచ్చే వేళైతే వాటి వెనక కొంగలు, గద్దలు. డాల్ఫిన్లు కూడా ఈ మొగ దగ్గరే కనిపిస్తుంటాయి. నల్లటి వీపు ఒకటి లేచి మునుగుతుంది, అంతే. ఎగిరి దూకుతాయని పిల్లలకు చెప్పి ఆశ పెట్టొద్దు.

వాహనాలు దిగేదాకా పక్కకు నిలబడండి. ర్యాంపు తడిగా, నూనె జిడ్డుగా ఉంటుంది, జారుతుంది. వైపిన్ చేరాక వెంటనే తిరిగి ఎక్కేయొచ్చు.

మట్టాంచేరి

ఫోర్ట్ కొచ్చి నుంచి ఆటోలో దగ్గరే. మట్టాంచేరి జెట్టీ ఎదురుగానే డచ్ ప్యాలెస్ ఉంటుంది. పేరు డచ్చివాళ్లదే కానీ 1555లో కట్టి కొచ్చి రాజుకు ఇచ్చింది పోర్చుగీసువాళ్లు, డచ్చివాళ్లు బాగుచేయించారు. లోపల గోడల నిండా రామాయణం చిత్రాలున్నాయి, ఫోటోలు తీయనివ్వరు. పక్క వీధిలో 1568 నాటి యూదుల ప్రార్థనాలయం. శుక్రవారం రెండూ మూసేస్తారు, శనివారం ప్రార్థనాలయం ఉండదు. అందుకని ఈ పగలు ఆదివారం నుంచి గురువారం లోపు పడేలా చూసుకోండి.

మన ఊరివాళ్లు తప్పక చూడాల్సింది ఇంకోటి ఉంది. మట్టాంచేరి చెర్లాయిలో కొచ్చిన్ తిరుమల దేవస్వం. గోవా వైపు నుంచి వలస వచ్చిన కొంకణి గౌడ సారస్వతులు కట్టుకున్న వేంకటేశ్వర స్వామి గుడి. తిరుపతి నుంచి వచ్చామంటే అక్కడివాళ్ల ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి ముందు గుడికి, తర్వాత ప్యాలెస్‌కు వెళ్లండి.

భోజనానికి ఇబ్బంది లేదు. గుజరాతీ రోడ్డు ఇక్కడే. తరాల క్రితం మిరియాల వ్యాపారానికి వచ్చి ఉండిపోయిన గుజరాతీల వీధి, శాకాహారం దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం: వాటర్ మెట్రో

పొద్దున పాత బోటు చూశారు కదా, సాయంత్రం కొత్తదాంట్లో రండి. కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. బ్యాటరీతో నడిచే ఏసీ బోట్లు, కట్టింది మీరు పొద్దున చూసిన కొచ్చిన్ షిప్‌యార్డే. వంద మంది పడతారు, ఆపైన ఒక్కరినీ ఎక్కనివ్వరు, గేటు దగ్గరే లెక్క తేలిపోతుంది. మొదలుపెట్టినప్పుడు చార్జీ 20 నుంచి 40 రూపాయల మధ్య ఉంది. రేవు నీళ్ల మీద తేలే పాంటూన్ కావడంతో పోటుకూ ఆటుకూ అదీ లేచి దిగుతుంది. బోటు గడపా, రేవు గడపా సమానంగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అవ్వా తాతలను తీసుకెళ్తే రెండు వైపులా వాటర్ మెట్రోనే ఎక్కించండి. సర్కారు బోటులో రేవుకీ బోటుకీ మధ్య సందు దాటాలి, లాస్కరు చెయ్యందిస్తాడు గానీ పెద్దవాళ్లు భయపడతారు.

ఫోర్ట్ కొచ్చి టెర్మినల్ 2024 ఏప్రిల్‌లో, మట్టాంచేరి టెర్మినల్ 2025 అక్టోబరులో తెరిచారు. రెండు చోట్ల నుంచీ హైకోర్టు టెర్మినల్‌కు బోట్లున్నాయి. హైకోర్టు టెర్మినల్ మెరైన్ డ్రైవ్ ఉత్తరపు కొసన ఉంది. చిక్కల్లా ఫోర్ట్ కొచ్చి వరసతోనే. శని, ఆదివారాల్లో, సెలవుల్లో సాయంత్రం సూర్యాస్తమయం చూసి అందరూ ఒకేసారి వెనక్కి బయల్దేరతారు, వరస రోడ్డు దాకా వస్తుంది. అలాంటప్పుడు నిలబడి కాళ్లు పీకించుకోవద్దు. రో-రోలో వైపిన్‌కు దాటేయండి. అక్కడి వాటర్ మెట్రో టెర్మినల్లో రద్దీ తక్కువ, అదీ హైకోర్టుకే పోతుంది. మధ్యాహ్నం మట్టాంచేరిలోనే పడవెక్కేస్తే ఈ గొడవే ఉండదు, కాకపోతే మొగ దగ్గరి సూర్యాస్తమయం పోతుంది. రెంటిలో ఏది కావాలో మీ ఇష్టం.

ఈ దారిలో ఎడమ వైపు వల్లార్‌పాడం కంటైనర్ టెర్మినల్ వస్తుంది. క్రేను ఒక్కో పెట్టెను ఓడ మీద నుంచి ఎత్తి లారీ మీద పెట్టడం కనిపిస్తుంది. ఆ తర్వాత చెట్ల మధ్య బోల్గాట్టి ప్యాలెస్, 1744లో డచ్చివాళ్లు కట్టింది, ఇప్పుడు హోటల్.

హైకోర్టు టెర్మినల్ బోర్డులో "సౌత్ చిత్తూర్" అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కొచ్చిలోనూ ఒక చిత్తూరుంది. 2024 మార్చిలో ఆ దారి మొదలైంది. అటు ఓడలుండవు, కొబ్బరి చెట్ల మధ్య ప్రశాంతంగా పోయే కాలువ ప్రయాణం. మర్నాడు ఖాళీ ఉంటే వెళ్లి రండి. "చిత్తూరుకు పడవలో వచ్చాను" అని ఇంటికి ఫోటో పంపితే నమ్మేవాళ్లెవరూ ఉండరు.

అయినా ప్యాకేజీ పడవే కావాలంటే

గంటే టైముంది, గుంపులో ఇరవై మందున్నారు, అలాంటప్పుడు మెరైన్ డ్రైవ్ పడవ తప్పదు. సరే, కానీ డబ్బిచ్చే ముందు పడవను చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందికి అనుమతి ఉందో ఒంటి మీద రాసి ఉండాలి. లైఫ్ జాకెట్లు మీ చేతికివ్వాలి, సీటు కింద ఉన్నాయంటే ఒప్పుకోవద్దు. మొగ దాకా పోతాడా, బోల్గాట్టి చుట్టూ తిప్పి దింపేస్తాడా అడగండి. చీకటి పడ్డాక ఎక్కొద్దు. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మనకు తెలుసు. 2023 మే 7న మలప్పురం జిల్లా తానూరులో పరిమితికి మించి ఎక్కించుకుని చీకటి పడే వేళ బయల్దేరిన విహార పడవ బోల్తాపడి 22 మంది పోయారు. పడవవాడు "ఏం కాదు సార్, ఇంకో ఐదుగురే" అన్నాడంటే దిగిపోవడమే.

బయటి సముద్రంలోకి పోవాలని ఉంటే కేరళ ప్రభుత్వ సంస్థ నడిపే సాగరరాణి, నెఫర్‌టీటి ఉన్నాయి. నెఫర్‌టీటి రెండు వందల మంది పట్టే పెద్ద ఓడ. ముందే బుక్ చేసుకోవాలి, వానాకాలంలో సముద్రం బాగాలేకపోతే ఆపేస్తారు. కొండ మీద బస్సులో వాంతులయ్యేవాళ్లు ఎక్కేముందు కడుపు నిండా తినొద్దు, డెక్కు మధ్యలో కూర్చుని దూరంగా ఒడ్డు మీద చూపు నిలపాలి.

ఇంకొన్ని

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్ నుంచి వానలు పట్టుకుంటే బోట్లు తిరుగుతాయి గానీ కిటికీ పరదాలు దించేస్తారు, ఏమీ కనపడదు. ఆ రోజుల్లో గుర్రపుడెక్క దట్టంగా కొట్టుకొచ్చి బోట్ల రెక్కలకు చుట్టుకుంటుంది, ఆలస్యాలు మామూలే.

మాలలో ఉన్న స్వాములు మధ్యాహ్నం రో-రో ఎక్కితే ఇనుప డెక్కు అరికాళ్లను కాల్చేస్తుంది. నీడ చూసుకుని నిలబడండి, లేదా పదకొండులోపే దాటేయండి.

తడ దగ్గర పులికాట్‌లో పడవెక్కిన అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ నీళ్లు చాలాచోట్ల లోతు లేవు. ఇక్కడ ఓడలు తిరిగే కాలువ, లోతెక్కువ. ఓడలను లాగే టగ్గు పడవ పక్కనుంచి పోతే కాసేపటికి దాని అల వచ్చి బోటును ఊపుతుంది. పిల్లలను కిటికీ మీద కూర్చోబెట్టొద్దు, సెల్ఫీ కోసం చెయ్యి బయటికి చాపొద్దు.

ఆ రాత్రికే రైలుంటే ఆరింటికల్లా ఎర్నాకుళం ఒడ్డుకు చేరేలా చూసుకోండి. హైకోర్టు టెర్మినల్ నుంచి నార్త్ స్టేషన్‌కు ఆటోలో తక్కువ దూరమే, కానీ సాయంత్రం మెరైన్ డ్రైవ్ ట్రాఫిక్‌ను నమ్ముకోవడానికి లేదు. క్లోక్‌రూమ్ రసీదు పర్సులో ఉందో లేదో పడవ దిగే ముందే చూసుకోండి.